ఆలూరు ఎర్ర నక్షత్రం

"మేడం, పొద్దుమూకే లోపట దీన్ని తీస్కవోయి గండిపేట చెర్వుల ఇసిరేస్త. ఒక్కపారి చూస్తనంటె ఇప్పుడే రండ్రి."

హరీష్ ఫోన్ పెట్టేశాడు. లక్ష్మీకుమారి చేతిలోని కాఫీ కప్పును అలాగే బల్ల మీద దించేసింది.

నిప్పు రాజేసింది తనే. అలా రాజుకుంటుందని మాత్రం అనుకోలేదు.

మొయినాబాద్‌లోని ఆమె ఇంట్లో ఒక గది మొత్తం సోవియట్ నౌకాదళ అధికారులదే. ఆమె పుట్టి పెరిగింది విశాఖలో. నాన్న డాక్‌యార్డులో రష్యన్ నిపుణులతో పనిచేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి పాతికేళ్లు దాటినా ఆ మనుషుల మీద ఇష్టం పోలేదు. అధికారుల పతకాలు, వాటితోపాటు ఇచ్చే చిన్న పుస్తకాలు, సర్వీసు రికార్డులు సేకరిస్తుంది. పతకం వెనక నంబరు ఉంటుంది. ఆ నంబరును పట్టుకుంటే పుస్తకం దొరుకుతుంది, పుస్తకంలో మనిషి పేరు ఉంటుంది. పేరు దొరకని పతకం ఆమె లెక్కలో ఉత్త వెండి ముక్క. పేరు దొరికిన పతకాన్ని చేతికి తొడుగు లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

"మన పెళ్లి ఉంగరాన్ని కూడా నువ్వింత జాగ్రత్తగా చూసుకోలేదు" అంటాడు ఆమె భర్త వెంకటరావు. ఆయనకూ ఆ గదిలో తొడుగులు తప్పవు.

వారం కిందట హరీష్ ఒక ఫోటో పంపాడు. ఆలూరులో పూలతోట, ఊరి రాజకీయాల్లో కాస్త పేరు ఉన్న మనిషి. చేవెళ్లలో ఎవరో ఆమె గురించి చెప్పారట.

"మా బాపు వెంకటయ్య నేవీల చేసిండు మేడం. గీ నక్షత్రం రష్యా సారు ఇచ్చిండని చెప్పెటోడు. బాపు పోయి నాలుగేండ్లయితున్నది. ఊరి బడి గేటుకు ఆయన పేరు పెడ్తున్నం. ఆ సారు పేరేందో చెప్తె బోర్డు మీద అది కూడ రాపిస్త."

ఫోటో చూసి లక్ష్మీకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎర్ర ఎనామిల్ అయిదు మూలల నక్షత్రం, నడుమ తుపాకీ పట్టిన సైనికుడు. ఎర్ర నక్షత్ర పతకం. ఇక్కడ ఆలూరులో!

ఆమె అల్మారాలో కెప్టెన్ పావెల్ జారుబిన్ అనే జలాంతర్గామి ఇంజనీరు పెట్టె ఉంది. ఒక వేలంలో కొన్నది. అందులో ఆయన దేశభక్తి యుద్ధ పతకం ఉంది, సర్వీసు కాగితాలు ఉన్నాయి, ఎర్ర నక్షత్రం మాత్రం లేదు. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు ఆయన విశాఖలో మనవాళ్లకు శిక్షణ ఇచ్చాడు. కాగితాల్లో ఆయన చేత్తో రాసిన నివేదిక ఒకటి ఉంది. ఆమె ఉత్సాహం పట్టలేక అప్పటికప్పుడే హరీష్‌కు ఫోన్ చేసి తెలుగులోకి మార్చి చదివేసింది.

"మా నౌకాదళ దినోత్సవం నాడు పూర్తి యూనిఫాంలో ఉండగా హార్బర్‌లో పడవ తిరగబడింది. మునిగిపోతున్న నన్ను ఒక భారతీయ నావికుడు పైకి తెచ్చాడు. ఆ సమయంలో నా ఎర్ర నక్షత్రం నీళ్లలో పడిపోయింది."

అవతల హరీష్ చేసిన పని ఆమెకు తర్వాత తెలిసింది. తండ్రి గొప్ప పదిమందీ వినాలని హోటల్లో చాయ్ తాగుతూ ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు. పక్క బల్ల మీద వార్డు మెంబరు కుర్మయ్య సాసర్ కింద పెట్టి ఒకే ప్రశ్న అడిగాడు.

"నీళ్లల్ల పోయింది మీ ఇంట్ల ఎట్ల తేలింది హరీషూ?"

అంతే. మునిగేవాణ్ని కాపాడుతూ వాడి రొమ్ము మీది పతకం కాజేసిన దొంగ వెంకటయ్య అని ఊరంతా పాకింది. దొంగ పేరు బడి గేటుకు వద్దని కుర్మయ్య పట్టుబట్టాడు. ఈ సాయంత్రం పంచాయతీలో తేల్చేస్తారు.

లక్ష్మీకుమారి జారుబిన్ పెట్టె తీసుకుని కారెక్కింది.

చందనవెల్లి వైపు వెళ్లే లారీలు బీజాపూర్ రోడ్డంతా ఆక్రమించాయి. చేవెళ్ల బస్టాండు దగ్గర ఆటోల మధ్య ఇరుక్కుని ఆమె ఒకటే ఆలోచించింది. ఎర్ర నక్షత్రానికి పిన్ను ఉండదు. వెనక మర ఉంటుంది. బట్టకు రంధ్రం చేసి, మరను అందులోంచి దూర్చి, లోపలి నుంచి పళ్లెం లాంటి నట్టు బిగిస్తారు. పట్టి లాగితే రాదు. మరి ఎలా వచ్చింది? ముందు అసలు అది జారుబిన్‌దేనా? నంబరు నట్టు కింద దాక్కుని ఉంటుంది. నట్టు విప్పితే మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

హరీష్ ఇంటి ముందు కొత్త బోర్డు గోడకు ఆనించి ఉంది, రాతలు గోడ వైపు తిప్పి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కుర్మయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"నేనే పిలిచిన" అన్నాడు హరీష్. "ఎన్క మాట్లాడుడు ఎందుకు, ముంగటనే ఉండనీ అని."

"నాకు మీ బాపు మీద పగ ఉన్నదా పిలగా? ఒక్క బాయిల ఈత నేర్సినోళ్లం" అన్నాడు కుర్మయ్య.

హరీష్ తల్లి రాధమ్మ లోపలి నుంచి ఇత్తడి పళ్లెం తెచ్చింది. అందులో అరచేయంత తెల్లబట్ట ముక్క, దాని మీద నక్షత్రం. భర్త నేవీ తెల్ల అంగీ చినిగిపోయాక, నక్షత్రం చుట్టూ ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి దాచిందామె. ప్రతి దసరాకూ కొడవళ్లు, నాగలి కర్రు, ట్రాక్టరుతోపాటు దీనికీ పూజ.

లక్ష్మీకుమారి తొడుగులు వేసుకుంది. నక్షత్రం కొత్త గిన్నెలా మెరుస్తోంది. అంచులు మెత్తగా అరిగి ఉన్నాయి, సైనికుడి ముఖం నున్నగా అయిపోయింది.

"దీన్ని దేంతో తోముతారమ్మా?"

"చింతపండుతోటి బిడ్డా. ఎండి కదా, నల్లవడ్తది."

ఆ అరుగుదల ఎక్కడిదో లక్ష్మీకుమారికి అర్థమైంది. పైకి చిరునవ్వే నవ్వింది. "వెనక నట్టు విప్పితే నంబరు కనిపిస్తుంది. విప్పనా?"

రాధమ్మ పళ్లెం వెనక్కి లాక్కుంది.

"ఇప్పొద్దు."

"అవ్వా!" హరీష్ గొంతు లేచింది. "బాపు దొంగ అంటున్నరు. నీకు సమజయితున్నదా?"

"బిగించినోడే ఇప్పాలె అన్నడు మీ బాపు. కాలం జేసేదాక అదే అన్నడు. ఆయన్ని దొంగంటె నేనూకుంటనా? కాని ఆయన మాట మాత్రం దాటను."

"వదినె, ఒకటి చెప్పనియ్యి" కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఎన్క నట్టు ఉన్నదంటె అది లాగితె రాదు, అంతేనా? వెంకటయ్య సంగతి మీకు తెల్వది. చిన్నప్పుడు ఎండకాలం బాయిల దుంకి, అడుగు తాకినట్టు నమ్మాల్నని పిడికెడు బురద పట్టుకొచ్చెటోడు. మేమంత ఒడ్డు మీద వాడు సచ్చిండనుకునెటోళ్లం. గంతసేపు దమ్ము పట్టెటోనికి నీళ్లల్ల ఒక నట్టు ఇప్పుడు ఎంతసేపు?"

హరీష్ పిడికిళ్లు బిగించాడు. లక్ష్మీకుమారికి మాత్రం ఆ మాటల్లో వేరే దృశ్యం కనిపించింది. సముద్రం మొహం చూడకుండా పెరిగిన ఆలూరు కుర్రాడు. బురద నీళ్ల హార్బర్. బరువైన యూనిఫాంలో అడుగుకు జారిపోతున్న పరాయి దేశపు అధికారి. పైపైన ఈదేవాళ్లు ఎంతమంది ఉన్నా లాభం లేదు. కంటికి ఏమీ కనిపించని నీళ్లలో నిటారుగా దిగి, అడుగు తాకి, తిరిగి వచ్చే మనిషి కావాలి. అలాంటి మనిషిని బావి తయారు చేసింది.

"అమ్మా, విప్పను. వెనక వైపు చూడొచ్చా?"

రాధమ్మ కొంచెం ఆలోచించి పళ్లెం ముందుకు తోసింది.

లక్ష్మీకుమారి బట్టను తిప్పింది. గుండ్రటి నట్టు మీద కుంకుమ పొరలు పొరలుగా పేరుకుపోయి పెచ్చు కట్టింది.

"బొట్టు వెనక పెడతారేంటమ్మా?"

"ముంగట మొత్తం ఎర్రగనే ఉండె. బొట్టు పెడ్తె కనవడ్తదా? అందుకే ఎన్క. ఈడ చింతపండు కూడ పెట్టను, బొట్టు పోతదని."

ఒక అంచున పెచ్చు రాలింది. కింద వెండి తెలుపు లేదు. ఇంకో ఎరుపు ఉంది. కుంకుమ కాదు, కాస్త నారింజ రంగు కలిసిన ఎరుపు.

"మొట్టమొదటి బొట్టు మీరే పెట్టారా?"

"నేను కాదు బిడ్డా. ఆయన తెచ్చిన్నాడే ఎర్రగ ఉన్నది. రష్యోళ్లు గూడ బొట్టు పెడ్తరేమో అనుకున్న. దాని మీదనే పెట్టుకుంట వచ్చిన."

లక్ష్మీకుమారి తన పెట్టె తెరిచింది. జారుబిన్ దేశభక్తి యుద్ధ పతకాన్ని బయటికి తీసి బోర్లించి పళ్లెం పక్కన పెట్టింది. దాని నట్టు మీద ఎండిన రంగు చుక్క. అందులో ఒత్తిన బొటనవేలి ముద్ర. ముద్రకు అడ్డంగా ఒక గీత.

"ఈయన ఇంజనీరు" అంది. "ఓడల్లో బోల్టు వదులు కాకుండా మర మీద ఎర్ర రంగు పూస్తారు. ఈయన పతకాలకీ అదే చేసేవాడు. పూసి, బొటనవేలితో ఒత్తేవాడు. ఆ వేలికి పాత కోత ఉందని డాక్టరు ఈయన కాగితాల్లో రాశాడు. ఇది ఎవరూ అనుకరించగలిగేది కాదు. మీ బొట్టు కింద ఇలాంటి ముద్రే ఉందేమో చూడాలి. నీళ్లతో తుడిస్తే చాలు. మీరు సరే అంటేనే."

రాధమ్మ ఆ నట్టు వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆయన పోయిన్నాడు నా బొట్టు పదిమంది గూడి తుడిసిన్రు" అంది చివరికి. "దీని బొట్టు ఇంకెవ్వలు తుడవద్దు. నేనే తుడుస్త."

చెంబులో కొంగు ముంచింది. పసిపిల్ల మొహం కడిగినట్టు నెమ్మదిగా అద్దుతూ పోయింది. ఎర్రటి నీళ్లు పళ్లెంలోకి జారాయి. దసరాలన్నీ ఒక్కొక్కటిగా కరిగిపోయాయి. కుర్మయ్య కుర్చీలోంచి లేచి వచ్చి వంగాడు.

రంగు బయటపడింది. గట్టిపడి, మెరుస్తూ. దాని మధ్యలో వేలి గీతలు. వాటికి అడ్డంగా కోత.

హరీష్ రెండు నట్లను మార్చి మార్చి చూశాడు. "ఒక్కటే" అన్నాడు గుసగుసగా. "అవ్వా, రెండూ ఒక్కటే ఏలు."

"ఇంకా చూడండి." లక్ష్మీకుమారి వేలితో చూపించింది. "రంగు నట్టు మీద నుంచి ఈ తెల్లబట్టలోకి ఇంకింది. ఈ బట్ట వెంకటయ్య గారి అంగీ. తడిబట్ట మీద ఈ రంగు ఇలా పట్టదు. అంటే ఒడ్డున, తీరిగ్గా, ఆ కెప్టెన్ తన రొమ్ము మీది నక్షత్రం తీసి మీ నాన్నగారి పొడి అంగీకి బిగించాడు. రంగు పూసి తన చేత్తో ముద్ర వేశాడు. ఆ తర్వాత దీన్ని ఎవరూ విప్పలేదు. విప్పి ఉంటే ముద్ర పగిలేది."

"మరి నీళ్లల్ల పోయిందని ఎందుకు రాసిండు?" కుర్మయ్య ఇంకా వదల్లేదు. గొంతులో మాత్రం వెటకారం లేదు.

"ఇంకొకరికి ఇచ్చే హక్కు వాళ్లకు లేదండీ. ఇచ్చానని రాస్తే ప్రభుత్వం వెనక్కి అడుగుతుంది. మీ వెంకటయ్య గారి దగ్గరికి మనుషులు వస్తారు. అందుకని పోగొట్టుకున్నానని రాశాడు. పతకం పోగొట్టడం వాళ్ల దగ్గర చిన్న తప్పు కాదు. ఆయనకు రావలసిన పదోన్నతి ఆగిపోయింది. అదే హోదాలో రిటైరయ్యాడు. ఇన్నాళ్లూ ఆయన కాగితాల్లో ఆ శిక్ష చూసి, ఇంత జాగ్రత్త గల మనిషి పతకం ఎలా పారేసుకున్నాడా అనుకునేదాన్ని."

రాధమ్మ పళ్లెంలోని ఎర్రనీళ్ల వైపు చూసింది. "ఆయనకు తెల్సా ఇది? ఆ సారుకు గిట్ల అయ్యిందని?"

"తెలిసే ఉంటుందమ్మా. అందుకే విప్పొద్దన్నారు, ఎవరిచ్చారో ఊళ్లో చెప్పుకోలేదు. బయటపడితే ఆ కెప్టెన్ అబద్ధం బయటపడుతుంది."

కుర్మయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేనే ఎన్నిసార్లు అడిగిన, నీకు దీన్ని ఎవడిచ్చిండురా అని. 'ఒక దోస్తు' అనెటోడు. గొప్పలు చెప్పుకునుడు వానికి రాకపాయె." ఒక్క క్షణం ఆగాడు. "మేడం, ఇంక ఆ నంబరు కూడ చూసిర్రంటె మొత్తం సాఫయితది. ఎవ్వడు నోరెత్తడు."

హరీష్ ఆమె వైపు చూశాడు. లక్ష్మీకుమారి చేతులు ఆ నట్టుకు అంగుళం దూరంలో ఉన్నాయి. ఒక్క తిప్పు. ఇన్నేళ్ల సేకరణలో నంబరు చూడకుండా ఆమె ఏ పతకానికీ పేరు రాయలేదు.

చేతులు వెనక్కి తీసుకుంది.

"బిగించినాయన లేడు కదండీ. వద్దు."

కుర్మయ్య గోడ దగ్గరికి నడిచి, బోర్డును రెండు చేతులా ఎత్తి ఇటు తిప్పి పెట్టాడు. "హరీషూ, ఆ రష్యా సారు పేరు రాస్తందుకు జాగ ఉంచినవా? వానికి ఎంత పొడుగు పేరున్నదో ఏమో." తన తువ్వాలుతోనే బోర్డు మీది దుమ్ము దులిపాడు. "నడువు, పంచాయతీల నేనే చెప్త. నా నోటితోటి అన్నది నా నోటితోటే పోవాలె."

హరీష్ తల్లి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

రాధమ్మ లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. ఉంగరపు వేలు తడిపి కుంకుమలో ముంచి నక్షత్రాన్ని వెనక్కి తిప్పింది. ముద్ర మీద పెట్టబోయి ఆగిపోయింది. పక్కకు జరిపి బట్ట అంచున చిన్న చుక్క పెట్టింది. తర్వాత ఆమె చూపు లక్ష్మీకుమారి పతకం మీద పడింది.

"ఇది గూడ ఆ సారుదే కదా బిడ్డా? దీనికి ఎవ్వలన్న బొట్టు పెట్టిన్రా?"

"లేదమ్మా."

"జర ఇటు వంచు."

తొడుగులు, అద్దాల అల్మారా, వెంకటరావు వేళాకోళాలు అన్నీ లక్ష్మీకుమారి మనసులో ఒక్కసారి మెదిలాయి. తడి కుంకుమ వెండిని ఏం చేస్తుందో ఆమెకు బాగా తెలుసు.

తొడుగులు తీసేసింది. ఉత్త చేతులతో పతకాన్ని ఎత్తి, రాధమ్మ వేలికి అందేలా వంచి పట్టుకుంది.