పాత తండా నుంచి కొత్త తండాకు

పదకొండు దాటినా జనరేటర్ స్టార్ట్ కాలేదు. తాడు లాగి లాగి ఆపరేటర్ అరచేతులు బొబ్బలెక్కాయి. షామియానా కింద రెండు వందల మందికి తాగడానికి రెండు డ్రమ్ముల నీళ్ళు తెచ్చారు, ఆ రెండూ వేదిక పక్కనే పెట్టారు. బొగ్గు గని విస్తరణ మీద ప్రజలు తమ అభిప్రాయం చెప్పుకునే రోజట ఇది. చెప్పుకోవలసిన వాళ్ళను మట్టిలోనూ, వినవలసిన వాళ్ళను కూలర్ ముందూ కూర్చోబెట్టడంలో మాత్రం ఏ లోటూ జరగలేదు.

పూలి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చెమట తుడుచుకుంటోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బోడగుట్ట తండాకు పెద్ద, అంటే నాయక్, హరిలాల్ కూతురు. ఖమ్మంలో చెంచురామయ్య స్టూడియోలో పని. పెళ్ళి వీడియోల్లో వధూవరుల పేర్ల చుట్టూ గులాబీలు ఎగరెయ్యడం ఆమె రోజువారీ ఉద్యోగం. నెలకు మూడు వేల జీతం, అందులో గది కిరాయి ఎనిమిది వందలు. గులాబీలు ఎగరేసే చేతికి ఈ వేసవిలో మొదటిసారి ఒక మ్యాప్ దొరికింది, ఈ సభలో తెర మీద కదిలించి చూపించడానికి.

"నువ్వే ఎయ్యాలె పూలీ," అన్నాడు చెంచురామయ్య పొద్దున జీపు ఎక్కేటప్పుడు. "తండా పిల్లనే చేసిందంటే మీవోళ్ళకు ధైర్యముంటది."

ఆ మాటకు ఆమె ఎంత పొంగిపోయిందో చెబితే ఇప్పుడు నవ్వు రాదు, ఏడుపు వస్తుంది.

నెల రోజులు చేసింది ఆ మ్యాప్. పైనుంచి తీసిన ఫొటో ఒకటి కంపెనీ వాళ్ళు ఇచ్చారు. అందులో తండా ఆవగింజంత, పొలాలు పచ్చటి మరకలు. ఏ మరక ఎవరిదో ఆ ఫొటోకు తెలియదు. ఫారెస్టు వాళ్ళు అడిగితే తండాలో ఎవరూ నోరు విప్పరు. మరీ గద్దిస్తే పక్క వాగు చూపించి పంపేస్తారు, ముప్పై ఏళ్ళుగా అదే వాళ్ళ తెలివి. కానీ పూలి అడిగితే ఎవరు దాస్తారు? హరిలాల్ ముందు నడిచాడు, తండా అంతా వెనక నడిచింది. ఇదిగో ఈ రాళ్ళ కుప్ప దాకా నాది, ఆ ఇప్పచెట్టు అవతల వాడిది అని నలభై రెండు ఇళ్ళ వాళ్ళూ చెప్పారు. జమ్లి అవ్వ కర్ర పట్టుకుని వాగు దాకా వచ్చి, మొగుడు మోడులు పీకి చదును చేసిన చెలక చూపించింది. "నా చింతచెట్టు సుత పెట్టు బిడ్డా" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది.

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది ఒక బాణం మీద. తండాలో వాంతులు, విరేచనాలతో వరసగా చావులు పడితే పెద్దవాళ్ళు ఆ చోటు వదిలేస్తారు. తాము కొలిచే సీత్లా తల్లి రాళ్ళను అక్కడే ఉంచి, ఇళ్ళు మాత్రం వేరే చోట వేసుకుంటారు. పొలాలు మారవు, పండుగ మారదు. బోడగుట్ట తండా అలా ఒక్కసారే మారింది, పందొమ్మిది వందల ఎనభై ఆరులో, వాగు ఇవతలికి. ఆ సంగతి చెబితే చెంచురామయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"గది తప్పకుండ పెట్టు. అడవి హక్కుల చట్టమొచ్చింది గదా! రెండువేల ఐదు కంటే ముందు నుంచి దున్నుకుంటున్నరని రుజువుంటేనే పట్టాలిస్తరు. గంతకంటె పెద్ద రుజువేముంది?"

ఆమె పెట్టింది. పాత తండా దగ్గర చుక్కలు మొదలై, ఒక్కొక్కటిగా వాగు దాటి, కొత్త తండా దగ్గర నెమ్మదించి ఆగేటట్టు. ఆ నెమ్మదించడం కోసమే రెండు రోజులు పట్టింది. ఇళ్ళు మోసుకుంటూ వచ్చిన మనుషులు కదా, దబ్బున ఆగితే బాగుండదని ఆమెకు తోచింది. ఫైలు చెంచురామయ్య చేతిలో పెట్టింది. మాటలు హైదరాబాద్‌లో చెప్పించి కలుపుతానని ఆయన తీసుకెళ్ళాడు. తిరిగి తెచ్చి ల్యాప్‌టాప్‌లో వేసింది ఈ పొద్దునే, ఆమె ఇంకా చూడలేదు.

పన్నెండుకు జనరేటర్ పట్టుకుంది. పూలి మీట నొక్కింది.

తెల్లగుడ్డ మీద అడవి విచ్చుకుంది, వాగు మెరిసింది, తండా ఇళ్ళు ఒక్కొక్కటే మొలిచాయి. వెనక నుంచి కేక వినిపించింది.

"గదిగో నా చింతచెట్టు!"

జనం గొల్లుమన్నారు. హరిలాల్ మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. కూతురి వైపు చూసి తలపాగా సర్దుకున్నాడు. పూలికి కళ్ళు చెమర్చాయి.

అప్పుడు బాణం బయలుదేరింది. దాని మీద ఒక గంభీరమైన గొంతు.

"తరచూ స్థలాలు మార్చుకునే అలవాటున్న ఈ తండావాసులు ఎనభై ఆరులో ఇక్కడికి వలస వచ్చారు. అవసరమైనప్పుడు స్వచ్ఛందంగా తరలివెళ్ళడం వీరి ఆచారం."

బాణం కొత్త తండా దగ్గర ఆగలేదు. అక్కడి నుంచి ఇంకో బాణం పుట్టి, అడవి దాటి, రోడ్డు దాటి, ఎక్కడో బూడిదరంగు గళ్ళ దగ్గరికి వెళ్ళి నెమ్మదించి ఆగింది. పునరావాస కాలనీ అని అక్షరాలు పడ్డాయి. ఆ నెమ్మదించడం ఆమెదే. ఆమె చేసినదాన్నే నకలు తీసి అతికించారు. ఇళ్ళు జారుకుంటూ కాలనీకి చేరాయి. నలభై రెండు కుటుంబాల పేరున ఆమె రంగు వేసిన చెలకలు ఆరిపోయాయి. కంప్యూటర్‌లో ఆ రంగులున్న పొర, అంటే లేయర్, పక్కన కన్ను గుర్తు మూసేస్తే చాలు, ఎవరి చెమటా తెర మీద కనపడదు.

వేదిక మీది అధికారి మైకు అందుకున్నాడు. "నాయక్ ఎవరు? తండా ఎనభై ఆరులో మారిన మాట నిజమేనా?"

హరిలాల్ లేచాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి. అదే అతని కొంప ముంచింది. "నిజమే సార్. కని భూములు..."

"మారింది కదా. రాసుకోండి."

"భూములు మారలె సార్! మా సీత్లా తల్లి..."

మైకు అప్పటికే చెయ్యి మారిపోయింది. గుడిసెలకు నష్టపరిహారం ఇస్తామనీ, భూముల సంగతి తర్వాత చూద్దామనీ కంపెనీ మనిషి చెబుతున్నాడు.

పూలి చెంచురామయ్య చొక్కా పట్టుకున్నంత పని చేసింది. "ఏంది సార్ గిది? నాకేం చెప్పిండ్రు మీరు?"

"మెల్లగ, మెల్లగ. నీ మ్యాపుల ఒక్క చుక్క నేను మార్చిన్నా? పైసలిచ్చినోడు తన మాట చెప్పుకుంటడు. ఖమ్మంల దుకాణం నడవాలంటే గిట్లనే ఉంటది."

"పట్టాలకు రుజువన్నరు గదా!"

"అవ్, అన్న. కంపెనోళ్ళకు గూడ రుజువే కావాలన్నరు." ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "వచ్చే నెల నుంచి నీకు నాలుగు వేలు. ఇప్పుడు లొల్లి చెయ్యకు."

ఆమె తండాను అమ్మిన ధర అప్పటికే నిర్ణయమైపోయింది. నెలకు వెయ్యి. అమ్మింది తాను కాదని ఎవరికి చెప్పుకోవాలి?

హరిలాల్ ఆమె దగ్గరికి వచ్చాడు. ఇంట్లో మాట్లాడే లంబాడీలో, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"నువ్వే గీసినవా బిడ్డా?"

"అవ్ బాపూ. కని రెండో బాణం..."

"మేం చెప్పిందంత గీసినవ్. మేం చెప్పంది సుత గీసినవ్." కోపం లేదు ఆ గొంతులో. అది ఉన్నా తట్టుకునేది. "ఫారెస్టోళ్ళకు ముప్పై ఏండ్లు దొరకని దారి, నీ వెంట నడిచి మేమే చూపిచ్చినం."

తిరిగి చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు. తండా ఆడవాళ్ళు పూలి వైపు చూడడం మానేశారు.

దుమ్ము రేపుకుంటూ ఇంకో కారు వచ్చింది. జిల్లా నుంచి పెద్ద అధికారి దిగాడు. వేదిక మీది వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. సంతకాల పుస్తకం తెరిచారు. చెంచురామయ్య పరుగున వచ్చాడు.

"సార్ ఇప్పుడే వచ్చిండు. మొదటి నుంచి మళ్ళ ఎయ్. జల్దీ."

పూలి తెర వైపు చూసింది. మీట మీద వేలు పెట్టింది. ఒక్క నొక్కు చాలు, నలభై రెండు ఇళ్ళు మళ్ళీ లేచి నడుస్తాయి.

వేలు తీసేసింది.

"ఎయ్య," అంది.

"ఏందీ?"

"ఎయ్య సార్."

"ఏమ్మా, ఏమైంది? నడిపించు," అన్నాడు వేదిక మీది అధికారి మైకులో. షామియానా అంతా ఆ మాట మోగింది.

పూలి లేచి నిలబడింది. ఆమె దగ్గర మైకు లేదు. అయినా గొంతు వెనక వరస దాకా వినపడింది.

"పాత తండా నుంచి కొత్త తండాకు బాణం గీసింది నేనే సార్. రెండోది నాది గాదు. మా తండను ఇంకొకసారి నా చేత్తోని నడిపియ్య."

చెంచురామయ్య ల్యాప్‌టాప్ మీదికి చెయ్యి చాచాడు. ఆమె రెండు చేతులతో మూత మూసి, దాని మీద కూర్చున్నంత బరువుతో వాలింది. తెర మీద నీలిరంగు వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. వెనక ఎవరో లేచిన చప్పుడైంది. అది తండ్రో, తనను లాగెయ్యడానికి వస్తున్న బందోబస్తు పోలీసో చూడడానికి ఆమె తల తిప్పలేదు.