ఊగుతూ వచ్చిన తట్ట

స్లాబు పోసే రోజు అందరికన్నా తీరిక లేనిది కింద నిలబడి ఖాళీ తట్టలు పట్టుకునే మనిషికి. నిండు తట్టలు చేతులు మారుతూ పైకి పోతాయి. ఖాళీవి పైనుంచి గిర్రున తిరుగుతూ గాలిలో దిగుతాయి. చూపు కాస్త పక్కకు పోయిందా, ముక్కు పచ్చడే.

పెళ్లయిన కొత్తలో కైలాసం విసిరిన తట్ట అనసూర్య చేతుల్లోకి వచ్చి కూర్చునేది. తిరిగేదే గాని ఊగేది కాదు. "మొగడు ఇసిరితె పువ్వు లెక్క దిగుతదేందే" అని తోటి కూలీలు ఆటపట్టిస్తే, సిగ్గుపడుతూనే మురిసిపోయేది. అతను మస్కట్ పోయాక ఐదేళ్లు ఎవరెవరి తట్టలో పట్టుకుంది. అన్నీ తూలుతూ వచ్చేవే. ఒక్కోసారి పని మధ్యలో కళ్లు చెమర్చేవి. సిమెంటు పడిందని బుకాయించేది. తట్ట తట్టకీ మొగుడు గుర్తొచ్చే ఆడది మంథనిలో ఇంకొకతె ఉండదు.

పోయిన నెల అతను వచ్చేశాడు. "నీ మీద పాణం గుంజింది. ఇగ పోను" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె కాళ్లు నెల రోజులు నేలకు ఆనలేదు.

ఇవాళే మళ్లీ ఇద్దరూ ఒకే పనికి వచ్చారు. అతను పైన, ఆమె కింద. మొదటి తట్ట ఊగుతూ వచ్చింది. ఒక పక్క కాంక్రీటు అంటుకుని బరువు అటు లాగిందేమో అనుకుని గీకి, కడిగి పంపింది. మళ్లీ ఊగింది. కొత్త తట్ట పంపింది. అదీ అంతే. అంచు తగిలి మోచేయి గీరుకుపోయింది.

దశరథం మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. "తట్టల ఏం లేదు బిడ్డా. ఇడిసేటప్పుడు చేతి ఏళ్లన్ని ఒక్కపారే ఇడవాలె. ఒక్క ఏలు ఎనుకవడితె అంచు వంగుతది. ఇగ కిందికి వచ్చేదాంక గదే ఊగుడు."

అనసూర్య తలెత్తి కైలాసం చేతి వైపు చూసింది. నెల రోజులుగా అతను చెంచాతో అన్నం తింటుంటే, గల్ఫు నాజూకని ఎగతాళి చేసింది తనే.

అన్నం వేళ అతని కుడిచేయి ఒళ్లోకి తీసుకుని, చూపుడువేలిని తన గోటితో గట్టిగా గిచ్చింది. అతను ఎటో చూస్తున్నాడు. అతనికి తెలియనే లేదు.

"ఎన్నడైంది?"

కైలాసం తల దించుకున్నాడు. "ఏడు నెలలాయె. కడ్డీలు మీద పడ్డయ్. ఏలికి సోయి లేదు. పని చేతగాదని పంపిచ్చిండ్రు."

"మరి నా మీద పాణం గుంజి వచ్చిన అంటివి?"

అతను ఆమె చేతిలోని తన వేలి వంక చూశాడు. అబద్ధమాడితే బాగుండునని ఆమె అనుకుంది.

"గుంజింది. ఐదేండ్లు రోజు గుంజింది. ఏలు మంచిగుంటె మాత్రం ఇంకో రెండేండ్లు ఆడనే ఉందును."

అనసూర్య ఆ చేయి వదల్లేదు. ఐదేళ్లు ఎదురుచూసిన మనిషి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఉన్నాడు. తన కోసం రావాల్సినవాడు మాత్రం ఇంకా రాలేదు.