మూడో గుంతలో హాజరు

మనిషి లోపల ఉండగానే మూడో గుంతను పూడ్చేశారు.

సోమవారం పొద్దు పొడిచే వేళకు మేము పలకల గని దగ్గరికి పోయేసరికి ఆరు ఎద్దుబండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. బండి వెనక బండి తిరగడం, చెత్తరాయీ మట్టీ ధడాలున గుంతలోకి దొర్లడం. గట్టు మీద మగ్దలీనమ్మ కూర్చుని రెండు చేతులతో ఆ మట్టిని వెనక్కి తోడుతోంది. ఆమె దోసెడు తోడితే వాళ్లు బండెడు పోస్తున్నారు.

"నా మొగుడు ఆడుండాడురా! నిన్న బండ ఇరిగి మీద పడినాది! తియ్యండిరా నాయనా, తియ్యండిరా!"

మేస్త్రీ ఓబులేసు ఆమె వైపు చూడకుండా ఎద్దుల్ని అదిలిస్తున్నాడు.

"ఆడ ఎవురూ లేరమ్మా. నిన్న ఆదివారం. ఆదివారం మన గనిలో పని యాడిది?"

"నువ్వే గదా తెల్లారేముందే ఇంటికొచ్చి పిల్చకపోయినావు!"

"నేనా? నిన్న నేను మార్కాపురంలో ఉంటి."

గట్టు చుట్టూ నిలబడిన నలభైమందిమీ అతను అబద్ధం ఆడుతున్నాడని ఎరుగుదుము. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పడానికే ఈ కథ. కూలి చేసుకునే అన్నలూ, చదువుకునే తమ్ముళ్లూ, మీరు విని తీరాలి.

నా పేరు ప్రభాకరరావు. మా పాలెం మిషను బడికి పంతుల్ని, సంఘానికి పెద్దని. నోరు పెద్దది కాబట్టే పెద్దరికం ఇచ్చారని మా సరోజమ్మ అంటుంది. బడిలో పలకలు పలకవు, పిల్లలు పలుకుతారు. గనిలో పలకలు పలుకుతాయి, మనుషులు పలకరు అని నేనొక హాస్యం ఆడేవాణ్ణి. ఉలి పెట్టి కొడితే మంచి పలక గంటలా మోగుతుంది లెండి. ఆ మాట వందసార్లు చెప్పి ఉంటాను. వందసార్లూ అప్పుడే విన్నట్టు కడుపు పట్టుకుని నవ్వేవాడు పాపయ్య ఒక్కడే. ఇప్పుడు ఆ పాపయ్యే మట్టి కింద ఉన్నాడు. ఆ హాస్యం నాకు మళ్లీ నోట రాలేదు.

మా గుడిలో ఒక ఆచారం ఉంది. మొదటి ప్రార్థన అయ్యాక పేర్లు పిలుస్తాం. నేను పెద్ద పుస్తకం తెరిచి పేరు చదివితే ఆ మనిషి లేచి "ఉన్నాను ప్రభువా" అంటాడు. నేను పేరు పక్కన గీత గీస్తాను. వరసగా మూడు ఆదివారాలు పలకనివాడి పేరు కొట్టేస్తారు. పేరు పోతే ప్రభు భోజనంలో రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు, చచ్చాక సమాధుల తోటలో ఆరడుగుల నేలా లేదు. ఇది మిషను దొర పెట్టిన కట్టడి.

కాంట్రాక్టరు నరసింహులు కట్టడి వేరు. జూన్‌లో బళ్లు తెరుస్తారు, ఆలోపు పలకలు రైలెక్కి మద్రాసు చేరాలి. ఆదివారం రానివాడు సోమవారం కూడా రానక్కర్లేదు అన్నాడు. దొర మూడు వారాలు ఓర్చుకుంటాడు, కాంట్రాక్టరు ఒక్క వారం ఓర్చుకోడు. ఏడో రోజు గనిలో పని చేయించకూడదని సర్కారు చట్టం ఉంది కాబట్టి ఆ రోజు గనిలో హాజరు పట్టీయే ఉండదు. గనిలో ఉన్నవాడికి గనిలో పేరు లేదు. గుడిలో లేనివాడికి గుడిలో పేరు మిగలదు.

దీనికి మా ఆడవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మార్చి నెలలో ఒక ఆదివారం నేను "పుల్లయ్య" అని పిలిస్తే అతని పెళ్లాం తల వంచుకుని లేచి "ఉన్నాడు ప్రభువా" అంది. నేను పుస్తకం మీంచి తలెత్తలేదు. గీత గీశాను. పై వారం ఐదుగురు లేచారు. ఆపై వారం అందరూ లేచారు. మందిరం నిండా మంది ఉన్నారని పుస్తకం చెప్పేది, మగవాళ్ల వైపు మాత్రం ఉత్త చాపలు ఉండేవి. పాస్టరు జకరయ్య అయ్యగారికి రెండు కళ్లలో శుక్లాలు. నేను చెయ్యి పట్టి చూపించిన చోట ఆయన సంతకం పెట్టేవాడు. మన గుడిలో ఆడదానికి రెండు గొంతులు వచ్చాయని బయటికొచ్చి నేను నవ్వించేవాణ్ణి.

ఆ ఆదివారం కూడా "పాపయ్య" అని పిలిచాను. మగ్దలీనమ్మ లేచింది. "ఉన్నాడు ప్రభువా." గీత గీశాను. సరిగ్గా ఆ వేళకే గుంతలో పైబండ పెళ్లుమని విరిగిందని, పాపయ్య పక్కనే ఉలి పట్టుకుని ఉన్న పుల్లయ్య తర్వాత నాకు చెప్పాడు. కాంట్రాక్టరు అప్పటికప్పుడు అందర్నీ పైకి లాగించి, నోరు మూసుకుని ఇళ్లకు పొమ్మన్నాడట. బండ తీయాలంటే పదిహేను రోజులు పని ఆగుతుంది. పూడ్చడానికి ఒక్క పూట చాలు.

మంగళవారం ఎస్సై వచ్చాడు. కాంట్రాక్టరూ వెంట వచ్చాడు. బడి అరుగు మీద కుర్చీలేయించుకుని కూర్చున్నారు. ఆదివారాల్లో తన గనిలో పని జరగదని కాంట్రాక్టరు ఒక కాయితం రాసిస్తే ఎస్సై చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పంతులూ, మీ గుడిలో హాజరు రాస్తారంట గదా. ఆ బుక్కు తే."

తెచ్చి ఇచ్చాను. ఎస్సై వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"పాపయ్య, హాజరు. ఈ గీత ఎవురిది?"

"నాదే."

"కింద సంతకం?"

"మా అయ్యగారిది."

కాంట్రాక్టరు నవ్వాడు. "నేను చెప్తే నమ్మరు గాని సార్, వాళ్ల దేవుడే చెప్తాండాడు. పొద్దున గుడిలో ఉండాడు, సాయంత్రం ఎవుర్తినో లేపుకుని గిద్దలూరు పక్కకు పోయినాడు. యాడికి పోతాడు, పదిరోజులకి వాడే వస్తాడు."

మగ్దలీనమ్మ ఎస్సై కాళ్ల మీద పడింది. "అది అబద్ధం దొరా! ఆ మాట పలికింది నేను! నేను పలికినా!"

"ఏం పంతులూ?" అన్నాడు ఎస్సై. "దేవుని బుక్కులో అబద్ధం రాసినావా?"

అవునంటే నలభై పేర్లు పోతాయి, నా బడి మూతపడుతుంది. కాదంటే పాపయ్య పోతాడు. ఊరందరినీ ఏడిపించి నవ్వించే ఈ నోరు ఆ నిమిషం కుట్టేసినట్టు అయిపోయింది. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా ఒక జవాబేనని ఎస్సై రాసుకుని పోయాడు. మగ్దలీనమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

దొరను అడుగుదామని పుల్లయ్య మార్కాపురం బంగళాకు నడిచిపోయాడు. దొర దొరకలేదు. ఎండాకాలం కొండ మీద చల్లగా ఉంటాడట, జూలైలో దిగుతాడని కావలివాడు చెప్పి పంపాడు.

బుధవారం సాయంత్రం ప్రార్థనకు అందరూ గుడిలో కూడారు. ప్రార్థన జరగలేదు. కొట్లాట జరిగింది.

"ఒప్పుకుంటే ఏమైతాదో తెలుసునా?" పుల్లయ్య లేచి అరిచాడు. "ఒగ పక్క పేర్లు పోతాయి. ఇంగొక పక్క పని పోతాది. మన గుడిసెలు మిషను జాగాలో ఉండాయి. లేపి తరిమితే బిడ్డల్ని ఎత్తుకుని యాడికి పోదాం?"

"పాపయ్య గుంతలోకి పోయింది ఎవురికోసరం? నీ పక్కన ఉలి పట్టుకునేకి కాదూ?" మా సరోజమ్మ విరుచుకుపడింది.

"నేను కాదన్నానా వదినా? నా పక్కనే గదా పోయినాడు! రాత్రులు నాకు నిద్ర పడతాందనుకున్నావా?"

"దేవునికి అబద్ధం చెప్పినాం, అందుకే ఈ శిక్ష" అని మూల నుంచి ఒక ముసలాయన గొణిగాడు.

సరోజమ్మ అటు తిరిగింది. "దేవునికి మనం ఏం చెప్పినాం తాతా? ఎవురు యాడ రాళ్లు కొడతాండారో ఆయనకి తెలీదా? మనం అబద్ధం చెప్పింది దొరకి. ఆ అబద్ధం చెప్పించింది కాంట్రాక్టరు. ఇద్దురూ పేర్లు కొట్టేసేవాళ్లే!"

మగ్దలీనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వేళ్లకు గుడ్డలు చుట్టుకుంది, గోళ్లు ఊడిపోయాయి. మెల్లగా అంది: "నాకు పేరొద్దు, ఏమొద్దు. నా నోటితోనే ఉండాడని పలికినా. ఆ మాటతోనే వాణ్ణి పూడ్చినారు. ఎముకలైనా సరే, తీసి మా అత్త పక్కన పెట్టండి. ఉత్తగా మట్టి కింద పడుండాడు, పాట లేదు, ప్రార్థన లేదు."

అప్పుడు జకరయ్య అయ్యగారు కర్ర పట్టుకుని లేచాడు. ఏ వైపు ఎవరున్నారో తెలియక కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు.

"నాకు కండ్లు పోయినాయి గాని చెవులు పోలేదురా. మూడు నెలలనుంచి ఈ గుడిలో పేరుకు పలికే మొగ గొంతు ఇనపడలా. తెలిసే సంతకం పెట్టినా. మీ పేర్లు కాపాడతాండా అనుకున్నా. నేను కాపాడింది నరసింహుల్ని." ఆయన కర్ర నేలకు తాటించాడు. "ఈ ఆదివారం గనికి ఎవురూ పోవద్దు. పేరు పిలిస్తే ఎవురు యాడుండిరో అది చెప్పండి. పేర్లు పోతే నాది ముందు పోనీ."

సంఘం అంటే అంతదాకా మాకు గుడి సంఘమే. పట్నాల్లో రైలు కూలీలకు ఇంకో రకం సంఘం ఉంటుందని విన్నాం. ఆ సాయంత్రం ఆ రెండు సంఘాలూ ఒకే చాప మీద కూర్చున్నాయి.

ఆదివారం ఓబులేసు వచ్చి గుడిసె గుడిసెకూ తిరిగి పిలిచాడు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. పాట మొదలయ్యే వేళకు మగవాళ్ల చాపల మీద కాలు పెట్టే సందు లేదు. రెండో ప్రార్థన దాకా కూడా ఆగకుండా కాంట్రాక్టరు ఎస్సైనీ ఇద్దరు జవాన్లనూ వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

నేను పుస్తకం తెరిచాను.

"పుల్లయ్య."

"ఉన్నాను ప్రభువా. పోయిన ఆదివారం ఈడ లేను. మూడో గుంతలో పాపయ్య పక్కనుంటి. బండ పడింది నా కండ్లతో చూసినా."

ఒకరి తర్వాత ఒకరు లేచారు. గుంతలో ఉంటి, గుంతలో ఉంటి, బండి తోలుతుంటి, నీళ్లు తోడుతుంటి. ఆడవాళ్లు లేచి, పలికింది మేము, శిక్ష మాకేయండి అన్నారు. కాంట్రాక్టరు ఎస్సైకి అడ్డం వచ్చాడు.

"ఇదంతా కట్టుకథ సార్! పంతులు నేర్పించినాడు!"

"మరి ఈ గీతలు?" అని ఎస్సై నన్ను అడిగాడు.

ఈసారి నా నోరు తెరుచుకుంది. "దొంగ గీతలు. నేనే గీసినా. మూడు నెలలు గీసినా. గుంత తవ్వించండి, నిజమేందో తెలుస్తాది."

ఎస్సై గుంత తవ్వించలేదు. దొంగ పుస్తకం రాశానని నా చేతులకు బేడీలేసి, పుస్తకం చంకన పెట్టుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి పట్టుకోవడం పూడ్చినవాణ్ణి పట్టుకోవడం కంటే సులువు మరి. "బుక్కు లేదు, ఇంగ పిలిచేది ఏముంది, ఇండ్లకు పోండి" అన్నాడు కాంట్రాక్టరు. జనం కదల్లేదు. నన్ను ఎద్దుబండి ఎక్కించారు. నేను చేయగలిగింది ఏమీ లేదు. బండి వెనక వైపు కూర్చుని చూస్తూ ఉన్నాను.

అప్పుడు అయ్యగారు సరోజమ్మ భుజం పట్టుకుని గుడి బయటికి వచ్చాడు. పుస్తకం లేదు. ఆయనకు అక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా బాప్తిస్మం ఇచ్చిన పేర్లు అన్నీ ఆయనకు నోటికి వచ్చు. నడుస్తూ పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ పలుకుతూ జనం ఆయన వెంట నడిచారు. కొందరు గుడిసెల్లోకి దూరి గడ్డపారలు పట్టుకుని వచ్చారు.

"ప్రభాకరరావు!"

నేను నోరు తెరిచేలోపు జవాను మూతి మీద కొట్టాడు. దూరం నుంచి మా సరోజమ్మ గొంతు వినిపించింది.

"ఉన్నాడు ప్రభువా! పోలీసు బండిలో ఉన్నాడు!"

బండి పెద్దారవీడు ఠాణా దారి పట్టింది. మనుషులు కనిపించడం ఆగిపోయింది, గొంతులు ఆగలేదు.

"పాపయ్య!"

నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. "ఉన్నాడు ప్రభువా! మూడో గుంతలో ఉన్నాడు!"

"ఏందిది? యాడికి పోతాండారు వాళ్లు?" అని ఎస్సై బండి ఆపించాడు. నేను బండి పక్కకు నెత్తురు ఉమ్మాను. గని వైపు నుంచి గడ్డపార రాయి మీద పడిన చప్పుడు వచ్చింది. దాని వెంట ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టలేనన్ని.

ఆదివారం ఆ గనిలో పని జరగదని కాంట్రాక్టరు రాసిచ్చిన కాయితం ఇంకా ఎస్సై జేబులోనే ఉంది.