ఎనిమిది అంగుళాలు తక్కువ

పొద్దున్నే షట్టరెత్తి, కుట్టుమిషనులో నాలుగు నూనె చుక్కలు వేసి, దర్జీ రికార్డు పెట్టేవాడు. పాట అందుకోగానే ఎదురుగోడ కాస్త వెనక్కి జరిగేది. అది ఎంత జరిగిందో టేపుతో కొలిచి, ఆ గోడకే అంటించిన కాగితం మీద రాసేవాడు. పాట ఆగితే గోడ మళ్ళీ తన చోటికి వచ్చేసేది. అవతల ఉన్న గడియారాల కొట్టులో ఏనాడూ అంగుళం కూడా తగ్గలేదు కాబట్టి ఆ కొట్టాయనకు ఏ పేచీ లేదు.

ఆ కాగితం చూస్తేనే దర్జీ చెల్లెలికి ఒళ్ళు మండేది. హిప్ హాప్ పుట్టిన కొత్తలో వచ్చిన రికార్డులన్నిటికీ అందులో అంగుళాల్లో మార్కులున్నాయి. అన్నిటికంటే పైన, కవరు మీద బంగారు గొలుసులేసుకున్నాయన రికార్డు, ఏడు అంగుళాలు. అట్టడుగున, కవరు మీద ముగ్గురమ్మాయిలున్నది, అర అంగుళం. ఆ ముగ్గురమ్మాయిల రికార్డు ఆమె తన మొదటి జీతంతో కొనుక్కున్నది.

"ఆ గొలుసులాయన అరగంటసేపు తన బూట్ల గురించే చెప్పుకుంటాడు. దానికి ఏడా?" అనేది.

"ర్యాప్ అంటేనే గొప్పలు చెప్పుకోవడం. ఆ డ్రమ్ము విను, ఒక్క దెబ్బ అటూ ఇటూ కాదు. మీ అమ్మాయిలు నిద్రమత్తులో ఇంటద్దె గురించి ఏడుస్తారు."

"మత్తు నీ చెవులకి! అది నిమిషానికి నలభై అయిదు చుట్ల స్పీడులో వెయ్యాల్సిన రికార్డు. లేబుల్ మీద రాసుంది, కళ్ళద్దాలు పెట్టుకుని చదువు."

"నాకు చెప్పొచ్చావా? చిన్న రికార్డుకి నలభై అయిదు, పెద్దదానికి ముప్పై మూడు. ఇది పెద్దదే. స్పీడు మీట జరిపావంటే ఊరుకోను." అని, మీట కదలకుండా ఎర్ర దారంతో చుట్టి ముడేశాడు కూడా.

అన్నయ్య మంచివాడే. ఆమె పనిచేసే చొక్కాల కంపెనీ మూతపడితే, "నా కొట్టులో కుట్టుకో" అన్నది ఆయనే. కానీ రెండు మిషన్లకి లైసెన్సు ఇవ్వాలంటే కొట్టు తొమ్మిదడుగుల వెడల్పుండాలి. ఉన్నది ఎనిమిది అడుగుల నాలుగంగుళాలు. ఆరు వారాలుగా ఆమె మిషను గుమ్మం బయట టార్పాలిన్ పట్టా కింద ఉంది. ఈసారి కూడా లైసెన్సు రాకపోతే ఊరి చివర యూనిఫాం ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి కాలర్లు తిరగెయ్యాల్సిందే.

ఒకరోజు మధ్యాహ్నం లైసెన్సు ఆఫీసరు వచ్చాడు. "పని జరుగుతున్నప్పుడు ఎంతుంటే అంతే లెక్క. పాట పెట్టుకోండి," అన్నాడు.

దర్జీ ధీమాగా గొలుసుల రికార్డు వేశాడు. గోడ జరిగింది. ఆఫీసరు కొలిచాడు. "ఎనిమిది పదకొండు. అంగుళం తక్కువ," అంటూ కలం మూత తీశాడు.

"ఇంకోసారి కొలవండి సార్. ఇంతకు మించిన రికార్డు లేదు," అన్నాడు దర్జీ.

చెల్లెలికి తిక్క రేగింది. తన బతుకు ఈయనగారి మార్కుల మీద ఆధారపడాలా? వెళ్ళి ముల్లు ఎత్తేసింది. ముగ్గురమ్మాయిల రికార్డు పెట్టింది. కత్తెర తీసి ఎర్ర దారం కత్తిరించి, మీట నలభై అయిదుకి జరిపింది.

"ఏయ్! అది—" అన్నాడు అన్నయ్య.

పాటలో ఆ ముగ్గురమ్మాయిలూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ఇంటివాడినీ, రాని బస్సునీ, డ్యూటీ నుంచి ఇంకా రాని అమ్మనీ కలిపి కడిగేస్తున్నారు. గోడ జరుగుతూనే ఉంది. కాగితం అందుకోవాలంటే దర్జీ రెండడుగులు వెయ్యాల్సి వచ్చింది.

"పది అడుగుల రెండంగుళాలు," అని ఆఫీసరు ఫారం మీద రాసి, "రెండో మిషను ఎవరి పేరు మీద?" అని అడిగాడు.

ఆమె తన పేరు చెప్పింది. ఆయన వెళ్ళగానే అన్నాచెల్లెళ్ళిద్దరూ మిషను లోపలికి మోసుకొచ్చి గోడవార వేశారు. అంతలో పాట అయిపోయింది. గోడ ఎప్పటిలాగే తిరిగి తన చోటికి రాసాగింది. వచ్చి వచ్చి ఆమె మిషనుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఇక కదల్లేదు.

దర్జీ గొంతు సవరించుకుని పెన్సిలు తీశాడు. "ఎంత రాయమంటావ్?"

"ఇన్నేళ్ళూ ముప్పై మూడు మీద వేసి మార్కులు కూడానా! సిగ్గుండాలి. ఆ పెన్సిలు ఇలా ఇచ్చేసి కూర్చో," అంది ఆమె. రికార్డు తిప్పి రెండో వైపు పెట్టింది. "నోరు మూసుకుని విను."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె సూదిలో దారం ఎక్కించింది.