గ్యాపులో అక్క

ఆ ఇంట్లో ఒక వింత రూలుంది. చెల్లెలు ఏమంటే అక్క అదే మళ్ళీ అనాలి. పొరపాటున కూడా సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. రూలు పెట్టింది బావగారు, పాటించేది అక్క, చూసి ఉడికిపోయేది చెల్లెలు.

చెల్లెల్ని అందరూ సైరన్ అంటారు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఏడుపందుకుంటే వీధి వీధంతా లేచి కూర్చునేదట. ఆ గొంతే ఇప్పుడు బావగారికి బతుకుతెరువు. ఆయన ఇంగ్లీషు పాఠాలు రాస్తారు, మరదలు చదువుతుంది, ఆయన రికార్డు చేసి అమ్ముతారు. జనం ఫోన్లలో పెట్టుకుని విని నేర్చుకుంటారు. అందుకు ప్రతిఫలంగా సైరన్‌కి మేడమీద ఒక గది, అక్క చేతి వంట.

అలాంటి పాఠాల్లో ఒక వాక్యం చదివాక, వినేవాళ్ళు దాన్ని తిరిగి అనడానికి కాస్త జాగా వదలాలి. దాన్ని గ్యాపు అంటారు. ఎంత వదలాలో చదివేవాళ్ళకి తెలీదు, రాసేవాళ్ళకి అసలే తెలీదు. అందుకని పెళ్ళైన కొత్తలో బావగారు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు అను, నీకెంతసేపు పడితే అంత వదులుతా" అన్నారు. పాపం, అక్క ముచ్చటపడింది. ఆ కూర్చోవడం కూర్చోవడం, ఇన్నేళ్ళూ లేవలేదు.

పడకగదిని మధ్యలో అద్దం బిగించిన చెక్కగోడతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి పాత బొంతలు మేకులతో దిగ్గొట్టి స్టూడియో అని పేరు పెట్టారు. ఫ్యాను తిరిగితే చప్పుడు కాబట్టి లోపల ఫ్యాను లేదు, సైరన్ చెమటతోనే కాపురం చేస్తుంది. అద్దానికి ఇవతల కంప్యూటరు ముందు బావగారు. ఆయన పక్కన చెవులకి మైకున్న హెడ్‌ఫోను తగిలించుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ అక్క. అక్క గొంతు రికార్డులోకి ఎక్కదు, లోపల సైరన్ పెట్టుకున్న హెడ్‌ఫోనులోకి మాత్రం వస్తుంది. అక్క కాస్త మెల్లగా అందంటే చాలు, బావగారు తల కూడా తిప్పకుండా "వినపడలేదు, ఇంకోసారి" అంటారు. ఆ ఇంటి గోడల్ని అడిగినా ఆ మాట అప్పజెబుతాయి.

అలా అని అనీ అక్కకి ఇంగ్లీషు నాలుక మీదకి వచ్చేసింది. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో కొత్తవాళ్ళకి ఇంగ్లీషులో దారి చెబుతుంటే పక్క వీధి బడి హెడ్‌మిస్ట్రెస్ విని, నిన్న స్వయంగా ఇంటికొచ్చారు. చిన్నపిల్లల ఇంగ్లీషు టీచరు మానేశారట, మీరు రాగలరా అని అడిగారు. మర్నాడు మధ్యాహ్నంలోపు ఏ మాటా చెప్పకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారు. అక్క నోరు తెరిచింది. బావగారు అంతకంటే ముందే తెరిచారు. మా ఆవిడకి తీరికెక్కడిదండీ అని నవ్వి, అక్క చేతే టీ ఇప్పించి ఆవిణ్ణి సాగనంపారు.

అక్క మొహం వెలగడమూ ఆరిపోవడమూ రెండూ సైరన్ చూసింది. చిన్నప్పుడు అక్క టీచరవుతానని పెరటి తలుపు మీద సుద్దముక్కతో రాసి చెల్లెలికి పాఠాలు చెప్పేది. సైరన్‌కి అక్షరాలొచ్చింది ఆ తలుపు మీదే. అక్కకి ఆ ఉద్యోగం ఎంత కావాలో చెల్లెలికి ఒకరు చెప్పాలా?

పొద్దున్నే సైరన్ వంటింట్లో అక్క మీద పడింది. మధ్యాహ్నం దాటితే అంతే సంగతులు, ఇప్పుడే వెళ్ళి సరేనని చెప్పు, ఆయన్ని నేను చూసుకుంటా అంది. అక్క పొయ్యి తుడుస్తూ "పోనీలేవే" అంది. అది అక్క ఊతపదం. పాలు పొంగిపోయినా పోనీలే, ప్రాణం ఉసూరుమన్నా పోనీలే. నీ పోనీలే పాడుగాను అని తిట్టి, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వచ్చి సైరన్ బొంతల మధ్య కూర్చుంది.

ఆ రోజు పాఠమేమిటంటే, చూడండి ఖర్మ, 'పుట్ అప్ విత్'. విడివిడిగా చూస్తే దేనికీ కొరగాని మూడు ముక్కలు, కలిపితే భరించడం. దీని మీద బావగారికి మహా మోజు. టాలరేట్, బేర్, ఎండ్యూర్, స్టాండ్ అని ఇంగ్లీషు పర్యాయపదాలు పోగేసి, వాటికి దీటుగా తెలుగులో తవ్వి తీశారు. ఇష్టం లేకపోయినా ఊరుకుంటే టాలరేట్, ఏళ్ళ తరబడి పడితే ఎండ్యూర్ అని తేడాలు కూడా రాశారు. రేపటికల్లా పాఠం పంపాలని పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టారు.

సైరన్ ఓర్చుకోవడం అంది. గ్యాపులో అక్క ఓర్చుకోవడం అంది. సహించడం, తట్టుకోవడం, సర్దుకుపోవడం, దిగమింగడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి చెల్లెలి నోటివెంట వెళ్ళి అక్క నోటివెంట తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఉదాహరణలు. ఆమె పక్కింటివాళ్ళ గోల భరించింది. ఆమె ఆఫీసరు చిరాకు సహించింది. ఆమె భర్త కోపాన్ని ఓర్చుకుంది. పాఠం పొడుగునా పడేది ఆమే. 'అతను' ఆ చుట్టుపక్కలకి కూడా రాలేదు. ఒక్కో వాక్యానికీ సైరన్‌కి ఒళ్ళు మండుతోంది. అక్క మాత్రం తప్పు పోకుండా, గింజ జారకుండా అప్పజెబుతోంది.

చివరి వాక్యం దగ్గర సైరన్ ఆగిపోయింది. 'ఐ కెన్ పుట్ అప్ విత్ ఎనీథింగ్. నేను దేన్నైనా భరించగలను.' కాగితం ఒళ్ళో పడేసింది.

"ఇది నేను చదవను బావగారూ."

పాఠానికి ఆయువుపట్టు అదేనన్నారు బావగారు. అయితే మీ పట్టు మీరే పట్టుకోండి అంది సైరన్. మాటా మాటా పెరిగింది. బజారుకెళ్తే గొంతులు బోలెడు, గొంతు లేనివాళ్ళకి మేడమీద గది కూడా ఉండదు అన్నారాయన. వెళ్ళి తెచ్చుకోండి, సాయంత్రానికల్లా గది ఖాళీ చేస్తా అని ఆమె లేవబోయింది.

"చదవవే," అంది అక్క.

సైరన్ నమ్మలేక అద్దంలోంచి చూసింది. అక్క తలెత్తలేదు.

"చదువు. గ్యాపు మాత్రం కాస్త ఎక్కువ వదులు."

ఎవరికోసం ఈ తగువంతా? వెనకేసుకొస్తున్నవాళ్ళే చదవమంటే ఇంక చేసేదేముంది. కూర్చుని, కాగితం తీసి, ఆ దిక్కుమాలిన వాక్యం చదివింది. ఆగింది.

గ్యాపులో ఏమీ రాలేదు. బఠాణీ గిన్నెలో పడ్డ చప్పుడైనా లేదు.

బావగారు తెర మీంచి చూపు తిప్పకుండా "వినపడలేదు, ఇంకోసారి" అన్నారు.

సైరన్ మళ్ళీ చదివింది. ఈసారి గ్యాపులో అక్క గొంతు వచ్చింది. ఎప్పటి గొంతే, వాక్యం మాత్రం పాఠంలోది కాదు.

"ఐ యామ్ గోయింగ్ టు ద స్కూల్ నౌ. ఐ విల్ టీచ్ ఫ్రమ్ టుమారో."

బావగారు అలవాటు చొప్పున కాగితంలో వెతికారు. దొరక్క తలెత్తారు. అది ఇక్కడ లేదే అన్నారు.

"లేదండీ. అది నాది," అంది అక్క. "బడికెళ్ళి, వస్తానని చెప్పొస్తాను. రేపట్నుంచి పిల్లలకి పాఠాలు చెబుతాను."

"తీరిక లేదని నిన్ననే చెప్పేశానుగా?"

"మీరు చెప్పారు. నేను చెప్పలేదు."

ఇల్లేం కావాలి అన్నారు, నలుగురూ ఏమనుకుంటారు అన్నారు, చివరికి అసలు భయం బయటపడింది. "మరి గ్యాపెవరు చూస్తారు?"

అక్క హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఒళ్ళోని గిన్నె తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీరు అనండి. మీకెంతసేపు పడితే అంత."

పైట సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. వీధి తలుపు చప్పుడు సైరన్ హెడ్‌ఫోనులో నిక్షేపంగా వినపడింది. సైరన్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చి ముక్కు కారింది. మా అక్కే, మా అక్క, అనుకుంది.

బావగారు గిన్నె పట్టుకుని తలుపు వంక చూశారు, తెర వంక చూశారు. రేపటికల్లా పాఠం వెళ్ళాలి. చూసి చూసి, బఠాణీకాయ ఒకటి చేతిలోకి తీసుకుని, కానివ్వమన్నట్టు తలూపారు.

సైరన్ స్టూలు ముందుకి జరుపుకుంది. చెమట తుడుచుకుని, ఉయ్యాల్లో నాడు వీధిని లేపిన ఆ గొంతుతో చదివింది.

"ఐ కెన్ పుట్ అప్ విత్ ఎనీథింగ్. నేను దేన్నైనా భరించగలను."

గ్యాపు వదిలింది. బావగారు గొంతు సవరించుకుని, గిన్నెలోకి చూస్తూ ఏదో గొణిగారు.

"వినపడలేదు బావగారూ," అంది సైరన్. "ఇంకోసారి."