పెద్దగడప ముందు స్టూలు

బాలనర్సయ్య పడిపోయినప్పుడు జనం చప్పట్లు కొట్టారు.

మాట వరసకు అంటున్నది కాదు, నిజంగానే కొట్టారు. మే నెల ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటన్నర. హైటెక్ సిటీలో 'పెద్దగడప' అనే హోటల్ వాకిట్లో నలభై మంది టోకెన్లు పట్టుకుని ఉన్నారు. వాకిట్లో ఫైబరుతో చేసిన దొరల గడీ దర్వాజ, ఎద్దుల్లేని ఎడ్లబండి, నవారు మంచాలు, కరెంటు కందిళ్ళు. దర్వాజ పక్కన ఎర్ర తలపాగా, తెల్ల ధోతి, చేతిలో పొడుగాటి కర్రతో బాలనర్సయ్య. అరవై దాటిన మనిషి. తిండికి వచ్చిన ప్రతివాడి ముందూ నడుం వంచి "దండం దొరా, దయచేయుండ్రి" అనాలి. ఆడవాళ్ళయితే "దండం దొరసానీ" అనాలి. అదీ అతని నౌకరీ.

ఈ కాలంలో దొరలెక్కడున్నారని మీరు అడగొచ్చు. ఉన్నారు మరి. మెడలో ఐడీ కార్డుతో వస్తారు, బిర్యానీ తింటారు, మళ్ళీ వాళ్ళ దొర దగ్గరికి లాగిన్ అవడానికి పరిగెత్తుతారు. పాపం, తిన్నంతసేపూ వాళ్ళూ దొరలే. హోటల్ అమ్మేది ఆ గంట దొరతనమే.

ఆ రోజు ఒక ఆఫీసు గుంపు వచ్చింది. ఎనిమిది మంది. బాలనర్సయ్య వంగాడు. "దండం దొ" అన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది. వంగినవాడు వంగినట్టే ముందుకు వాలి వాళ్ళ బూట్ల ముందు బోర్లా పడ్డాడు.

వాళ్ళు ఆటనుకున్నారు. "సాష్టాంగ నమస్కారమా! కిరాక్ ఉంది రా" అన్నాడొకడు. ఫోన్లు లేచాయి. ఈలలు, చప్పట్లు. ఒకమ్మాయి అతని పక్కనే గొంతుక్కూచుని రెండు వేళ్ళు చూపించి ఫొటో దిగింది. తలపాగా కింద నుంచి వాకిట్లో పరిచిన రాయి మీదికి నెత్తురు వచ్చాక ఉలిక్కిపడి లేచింది.

టోకెన్ల బల్ల దగ్గర మైకు పట్టుకుని నిలబడ్డ కృష్ణప్రియ ఇదంతా చూసింది. నెత్తురయితే అందరికంటే ముందు చూసింది. చూసి, మైకులో "టోకెన్ నంబర్ ఇరవై ఏడు, నలుగురు, లోపలికి రండి" అంది. నవ్వు మొహంతోనే అంది.

ఆమెను తిట్టుకోకండి. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వస్తుంది. అప్పటికే కాళ్ళు సగం అయిపోతాయి. ఆ తర్వాత పదకొండు గంటలు బల్ల వెనక నిలబడాలి. పెద్దగడపలో నూట నలభై కుర్చీలున్నాయి, ఎనిమిది మంచాలున్నాయి, ఒక బండి ఉంది. పనివాళ్ళు కూర్చోడానికి ఒక్క పీట లేదు. కూర్చుంటే కెమెరాలో కనబడుతుంది. కొత్తలో ఆమెకు మడమలు సలిపేవి. తర్వాత మోకాళ్ళు. నాలుగో ఏడు వచ్చేసరికి నొప్పి లేదు, ఏమీ లేదు. పాదాలు ఎవరివో అన్నట్టు మొద్దుబారిపోయాయి. ఆ మొద్దు అక్కడితో ఆగదనీ, మెల్లగా పైకి పాకుతుందనీ ఆమెకెవరూ చెప్పలేదు.

అంట్లు తోమే నీలమ్మ తడిచేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "మీ మొకాలు మండ! మనిషి పడ్డడురా, ఫొటోలు దిగుతున్రా?" అని అరిచింది. వడ్డించే దినేశ్ ట్రే కింద పెట్టి ముసలాయన్ను చంకల కింద చేతులు వేసి లేపాడు. మేనేజర్ మధుసూదన్ వచ్చాడు. "గెస్టులు చూస్తున్నారు, వెనకవైపు నుంచి తీసుకెళ్ళండి, ప్లీజ్" అన్నాడు. తర్వాత రాయి కడిగించాడు. తడి ఆరకముందే కృష్ణప్రియ ఇరవై ఎనిమిదో టోకెన్ పిలిచింది.

దవాఖానలో తలకు ఆరు కుట్లు పడ్డాయి. బుధవారం పొద్దున బాలనర్సయ్య కట్టుతోనే పనికి వచ్చాడు. మధుసూదన్ కట్టు కనబడకుండా తలపాగాను స్వయంగా సర్ది, అతని భుజం తట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. తానూ రోజంతా నిలబడేవాడే. కానీ పైవాళ్ళు కెమెరాలో చూస్తుంటారు. ఆ కెమెరా అతని మెడ మీద కూర్చుని ఉంటుంది.

ఈలోగా ఆ వీడియో ఊరంతా తిరిగింది. మొదటి కొన్ని సెకన్లే పెట్టారు, నెత్తురు రాకముందువి. "ఇట్లాంటి వెల్‌కమ్ ఎక్కడా చూడలే" అని కింద రాసుకున్నారు. గురువారానికల్లా జనం దర్వాజ దగ్గర ఆగి అడగడం మొదలుపెట్టారు. "ఆ పడే తాత ఈయనేనా? మాకు కూడా పడమనండి."

మధుసూదన్ మధ్యాహ్నం అందరినీ పిలిచి చెప్పాడు. "పైనుంచి ఫోనొచ్చింది. పడక్కర్లేదు, దెబ్బ తగులుతుంది. ఆదివారం నుంచి బాలనర్సయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని దండం పెడతారు. మోకాళ్ళ కిందికి మెత్త కూడా తెప్పిస్తున్నాం."

ముసలాయన "సరే సార్" అన్నాడు.

నాలుగింటికి స్టాఫు భోజనం. గ్యాస్ బండల పక్కన, చేతుల్లో పళ్ళేలతో, నిలబడే తింటారు.

"మోకాళ్ళ మీదనంట!" అంది నీలమ్మ. "రేపు నన్ను బోర్లించి నా ఈపు మీద గిన్నెలు తోమమంటడు."

"ఆయనే ఒప్పుకున్నాక మనకెందుకండి?" అన్నాడు కూరలు వండే బుల్లిబాబు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పదేళ్ళయింది. "బాగోదు గానండి, మాట్లాడితే మనల్నే పొమ్మంటారు. నాకు ఇద్దరు పిల్లలండి."

"మాకు లేరా పిల్లలు?" దినేశ్ పళ్ళెం బండ మీద పెట్టాడు. "ఇయ్యాల తాత మోకాళ్ళ మీద కూసుంటే రేపు వడ్డిచ్చేటోన్ని కూసోమంటరు. జనానికి మజా గావాలె. గా మజా ఏడ ఆగుతదో నువ్వు జెప్పు అన్నా."

"అరవకయ్యా బాబూ. నేను వద్దనట్లేదు, భయమేస్తుందంటున్నానండి. భయం కూడా చెప్పుకోకూడదా?"

అప్పుడు కృష్ణప్రియ ముసలాయన వైపు తిరిగింది. "తాతా, గా 'దొరా' అనే మాట నీకు అనబుద్ధెట్లయితది?"

బాలనర్సయ్య అన్నం కలుపుతూనే చెప్పాడు. "మాది భోనగిరి దిక్కు. మా అయ్య అన్నడు బిడ్డ గా మాట. చెప్పులు చేతుల వట్టుకొని, గడీ ముందట. మల్ల గదే అయ్య సంగపోళ్ళతోని కలిసి గా గడీ మీదికి వోయిండు. ఇగ ఎవ్వనికి అనొద్దని నాకు జెప్పి సచ్చిండు. నేను అన్లె. సుతారి పని జేసిన, వాచ్‌మన్ పని జేసిన, ఎవ్వనికి అన్లె. గీడికొచ్చినంక అంటున్న."

"సిగ్గనిపియ్యదా?" అంది నీలమ్మ.

"ముందుగాల అనిపిచ్చింది. తర్వాత ఏం అనిపియ్యలె. ఇప్పుడు నోరు దానంతటదే అంటది. నిన్న నార్సింగిల మా అర్రకు గ్యాస్ బండ తెచ్చిన పిలగానికి సుత అన్న. దండం దొరా అని."

దినేశ్‌కు నవ్వొచ్చింది. ఇంకో ఇద్దరికి కూడా వచ్చింది. ముసలాయన నవ్వలేదు. నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు.

కృష్ణప్రియ చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేసింది. "తాతా, ఆదివారం నువ్వు పడంగ నేను చూసిన. నెత్తురు గూడ చూసిన. చూసి టోకెన్ పిలిచిన."

"ఎర్కనే బిడ్డ. ఇన్న."

"ఇన్నవా?"

"నేల మీద వడ్డంక నీ గొంతే ఇనవడ్డది. ఇరువై ఏడు."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. ఆమె పళ్ళెం పక్కన పెట్టేసి గోడకు ఆనుకుంది. ఏడుపు రావాల్సిన చోట ఏమీ రాలేదు. దానికే ఆమెకు భయం వేసింది. ఇలాగే ఇంకో ఏడాది పోతే తన నోరు కూడా ఇంట్లో అమ్మ పడిపోయినా టోకెన్ నంబరే పిలుస్తుందేమో అనుకుంది.

శుక్రవారం పనివాళ్ళు పదకొండు మందీ కలిసి మధుసూదన్ గదికి వెళ్ళారు. మూడే అడిగారు. ఆ మాట ఆపాలి. మోకాళ్ళ ముచ్చట ఆపాలి. దర్వాజ దగ్గర తాతకు ఒక స్టూలు వెయ్యాలి.

"స్టూలా?" మధుసూదన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "స్టూల్ వేస్తే లుక్ పోతుందమ్మా. ఇది గడీ. గడీ ముందు ఎవడైనా కూర్చుంటాడా?"

"అప్పట్ల గూడ గదే అన్నరు సార్" అంది నీలమ్మ.

"నేనూ నిలబడే ఉన్నాను కదా! నాకేమన్నా సింహాసనం ఉందా?" అన్నాడు. "ఇష్టం లేకపోతే మానేయండి. బయట వందమంది ఉన్నారు."

బయటికొచ్చాక బుల్లిబాబే ముందు నోరు తెరిచాడు. "ఒక్క స్టూలండి! వెధవది, ఒక్క స్టూలు ఇవ్వడానికి చేతులు రాలేదండి వీళ్ళకి." భయం ఎక్కడికీ పోలేదు, మొహం మీదే ఉంది. కానీ పక్కకొచ్చి నిలబడ్డాడు. వాడు స్టూలివ్వనప్పుడు మనమే కూసుందాం అంది కృష్ణప్రియ. ఎప్పుడు అన్నాడు దినేశ్. ఆదివారం ఒంటిగంటకు, వాకిలి నిండినప్పుడు అందామె.

ఆదివారం వచ్చింది. అప్పటికే యాభై టోకెన్లు ఇచ్చేశారు. దర్వాజ ముందు ఎర్ర మఖ్మల్ మెత్త వేశారు. ఒంటిగంటకు ఒక కుటుంబం వచ్చింది, ఫోన్లు ముందే పైకెత్తి ఉన్నాయి. "తాతా, రెడీనా?" అన్నాడు ఇంటాయన.

బాలనర్సయ్య మెత్త వంక చూశాడు. కర్ర దర్వాజకు ఆనించాడు. మెల్లగా నడిచి వెళ్ళి ఎడ్లబండి నొగల మీద కూర్చున్నాడు. తలపాగా తీసి, కట్టు విప్పి పక్కన పెట్టాడు. ఆరు కుట్లూ ఎండలో కనబడ్డాయి.

నీలమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. దినేశ్ ట్రే దించి నేల మీద కూర్చున్నాడు. వంటింట్లోంచి ఒక్కొక్కరూ వచ్చారు. బుల్లిబాబు అందరికంటే వెనక వచ్చాడు. "స్టవ్వులన్నీ ఆపి వచ్చానండి, మాడితే వాసన నాకే పడదు" అంటూ కూర్చున్నాడు.

జనం నవ్వారు. ఇదేదో కొత్త సీను అనుకున్నారు. మళ్ళీ ఫోన్లు, మళ్ళీ చప్పట్లు. మధుసూదన్ "లేవండి, లేవండి" అంటూ ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తుతుంటే అదీ సీనులో భాగమే అనుకుని ఇంకా నవ్వారు. పోరాటం చేసినా ఆటే అయిపోయే చోట ఏం చేస్తారు చెప్పండి?

కృష్ణప్రియ ఒక్కతే ఇంకా నిలబడి ఉంది. చేతిలో మైకు ఉంది. నాలుగేళ్ళ అలవాటు, నోరు తెరిస్తే అదే వచ్చింది.

"టోకెన్ నంబర్ ఒకటి. బాలనర్సయ్య. కూసున్నడు. టోకెన్ నంబర్ రెండు. నీలమ్మ. కూసున్నది." ఒక్కొక్క పేరూ పిలిచింది. అదే గొంతు, అదే వరస. పదిమంది పేర్లయ్యాక ఆగింది. వాకిట్లో నవ్వులు పల్చబడ్డాయి.

"ఇది ఆట కాదు. పోయిన ఆదివారం గూడ ఆట కాదు. నిలబడి నిలబడి మనిషి పడ్డడు. మీరు చప్పట్లు కొట్టిన్రు. నేను టోకెన్ పిలిచిన. ఇగ పిలువ." ఊపిరి తీసుకుంది. "టోకెన్ నంబర్ పదకొండు. కృష్ణప్రియ."

మైకు ఆపి, గెస్టులు కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుంది.

కొందరు విసుక్కుంటూ పక్క హోటళ్ళకు పోయారు. ఒకాయన "మేం బుక్ చేసుకుని వచ్చాం, ఇదేం న్యూసెన్స్" అని అరిచాడు. ఐడీ కార్డు వేసుకున్న ఒకతను ఫోను జేబులో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, ముసలాయనకు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. అంతే. అంతకంటే ఎవరూ ఏమీ చెయ్యలేదు.

ముప్పావుగంటలో పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై దిగి నేరుగా బండి దగ్గరికి నడిచాడు. "ఏయ్ ముసలోడా, లెవ్వు."

బాలనర్సయ్య తలెత్తాడు. బెల్టు, బూట్లు, లాఠీ. అతని నడుం దానంతటదే ముందుకు వంగడం కృష్ణప్రియ చూసింది. "దం" అన్నాడు. ముసలాయన పెదాలు గట్టిగా మూసుకున్నాడు. మింగాడు. గొంతు కింద ఎముక పైకీ కిందికీ ఆడింది. రెండు చేతులతో బండి నొగలు పట్టుకుని నడుం నిటారుగా చేశాడు.

"కాళ్ళు గుంజుతున్నయ్ సారు" అన్నాడు. "కూసున్న."

"లేస్తవా లేవవా?"

"లేవ."

ఎస్సై కృష్ణప్రియ వైపు తిరిగాడు. "నువ్వు?"

ఆమె లేవాలనుకున్నా లేవలేకపోయేది. ఎన్నాళ్ళకో కూర్చున్న కాళ్ళలోకి తిమ్మిరి దిగుతోంది. ముందు వేళ్ళు, తర్వాత మడమలు, సూదులు గుచ్చినట్టు. నొప్పి. నాలుగేళ్ళ నొప్పి ఒక్కసారే తిరిగొచ్చినట్టుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబ్బ, ఎంత బాగుందో ఆ నొప్పి!

"లేవ సార్" అంది.

ఎత్తుకుపోవాల్సి వచ్చింది. ఒక్కొక్కరికి ఇద్దరు కానిస్టేబుళ్ళు. బుల్లిబాబుకు నలుగురు పట్టారు. "జాగర్తండి, నడుం నొప్పండి" అంటూనే ఉన్నాడు.

వ్యానులో రెండు వైపులా బెంచీలున్నాయి. పదకొండు మందీ కూర్చున్నారు. నీలమ్మ బెంచీని అరచేత్తో తడిమి చూసి, "హోటల్ కన్న నయం" అంది. ముసలాయన నవ్వాడు. అతను నవ్వడం కృష్ణప్రియ ఎప్పుడూ చూడలేదు.

వ్యాను కదిలింది. జాలీలోంచి వెనక్కి చూస్తే ఎడ్లబండి మీది తలపాగాను మధుసూదన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎవరి తలకు పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తూ, ఎండలో నిలబడి ఉన్నాడు.

రోడ్డుకు అటుపక్క కాఫీ షాపు. దాని తలుపు తెరిచే పని ఒక సెక్యూరిటీ మనిషిది. అతను ఇందాకటి నుంచీ ఇటే చూస్తున్నాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. పైన కెమెరాను చూశాడు. గిరాకీల కోసం బయట వేసిన కుర్చీ ఒకటి కాలితో దగ్గరికి లాక్కున్నాడు.

"ఓ కృష్ణా, సూడే!" నీలమ్మ ఆమె భుజం పట్టి కుదిపింది. "గాడు సుత కూసున్నడే!"