అమావాస్య సెలవు

పెనుకొండ, ధర్మవరం పట్టుచీరల అంగళ్లలోని వైఫై పెట్టెలన్నిటినీ రఫీక్ హిందూపురం ఆఫీసులో కూర్చొని ఒక్క కంప్యూటర్లోనే చూసుకునేవాడు. ధర్మవరంలో ఒక అంగడి వెనక మగ్గాల పక్కనున్న పెట్టె మాత్రం నెలకొకరోజు పొద్దస్తమానం ఆరిపోయి ఉండేది. ఎవరో కావాలనే ఆపుతున్నారని మండిపడి, ఈసారి ఆరిపోగానే బస్సెక్కినాడు.

పోయి చూస్తే, పెట్టెకు కుంకుమబొట్టు పెట్టి స్విచ్ ఆపేసి ఉంది. చీరలు నేసే గంగాదేవవ్వ నిమ్మళంగా చెప్పింది. "అమావాస్యకు మగ్గానికే సెలవబ్బా. ఇది రేయింబగళ్లు మేలుకొనే ఉండాదే, దీనికి మాత్రం వద్దా?"

తిట్టాలని పోయినోడు ఆమె పెట్టిన బువ్వ తిని తిరిగొచ్చినాడు.

మళ్లీ అమావాస్య పొద్దున, హిందూపురం నుంచే ఆ ఒక్క పెట్టెను ఆపేసినాడు. కాసేపటికి అవ్వ ఫోన్ చేసింది.

"రఫీకూ, ఈపొద్దు నేను ముట్టుకోకముందే అదే పండుకుండాదప్పా."

"పండుకోనీలే అవ్వా," అన్నాడు రఫీక్.